గంటా పావులో ఆకాశం ఎంత?

హైదరాబాద్ శివారు నారపల్లిలో మా కింద వాటాలో ఉండే పిన్నిగారు జాకెట్లు కుడతారు. సొంతూరు రాజమండ్రి దగ్గర. మనవరాలి అన్నప్రాసనకు రమ్మని కొడుకు విమానం టికెట్ తీసి ఫోనుకు పంపాడు. ఆవిడకు ఇదే మొదటి విమాన ప్రయాణం. కళ్లజోడు సవరించుకుని టికెట్‌ను రెండుసార్లు చదివి నన్ను పిలిచారు.

"బాబూ, ఇక్కణ్ణించి రాజమండ్రికి గాల్లో 360 కిలోమీటర్లేనంట. విమానం గంటకి 500 కిలోమీటర్లు పోద్దంట. ఆ లెక్కన ముప్పావుగంట కూడా పట్టకూడదు కదా? మరి టికెట్టు మీద గంటా పావు అని రాశారేంటి? ఆ మిగతా అరగంట ఎక్కడికి పోయిందంటారు?"

చాలామంది మనసులో మెదిలే ప్రశ్నే ఇది. దూరం తెలుసు, వేగం తెలుసు, భాగిస్తే కాలం రావాలి. బడిలో మనం నేర్చుకున్నది అదే. ఆ లెక్క తప్పు కాదు. కానీ ఒక ప్రయాణంలో ఎన్ని దూరాలున్నాయో, ఎన్ని వేగాలున్నాయో అది అడగదు. పిన్నిగారి ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు దూరాన్ని, తర్వాత కాలాన్ని, కుట్టు విప్పినట్టు విప్పి చూడాలి.

గుండీ అంత దూరం

ప్రతి విమానాశ్రయానికీ పటం మీద ఒక చుక్క ఉంటుంది. రన్‌వే నడిమి భాగానికి దగ్గరగా ఒక చోటు ఎంచుకుని, దాని అక్షాంశం, రేఖాంశం రాసి పెడతారు. హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాద్ చుక్క సుమారుగా 17.24 డిగ్రీల ఉత్తరం, 78.43 డిగ్రీల తూర్పు. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి చుక్క 17.11 డిగ్రీల ఉత్తరం, 81.82 డిగ్రీల తూర్పు. రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. అంటే రాజమండ్రి మనకు దాదాపు సూటిగా తూర్పున ఉంది.

మా ఇంట్లో పిల్లల గ్లోబు ఒకటి ఉంది. అడ్డుకొలత ముప్పై సెంటీమీటర్లు. పిన్నిగారు దారపు ఉండ తెచ్చారు. శంషాబాద్ ఉండాల్సిన చోట దారం కొస నొక్కిపెట్టి, రెండో కొస రాజమండ్రి దాకా లాగాం. దారం సెంటీమీటరు కూడా రాలేదు. చొక్కాకు కుట్టే చిన్న గుండీ వెడల్పు. ఆ గుండీ వెడల్పే నేల మీద సుమారు 361 కిలోమీటర్లు.

ఇదే ప్రయాణం రైల్లో చేస్తే సికింద్రాబాద్ నుంచి దాదాపు 500 కిలోమీటర్లు. రైలు వరంగల్, ఖమ్మం మీదుగా ఆగ్నేయంగా విజయవాడకు దిగి, మళ్లీ ఈశాన్యంగా ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా గోదావరికి ఎక్కుతుంది. పటంలో చూస్తే వంచిన మోచెయ్యిలా ఉంటుంది ఆ దారి. విమానానికి ఆ మోచెయ్యి అక్కర్లేదు.

బిగించి లాగిన దారం గోళం మీద ఎలా పడుకుంటుందో గమనించండి. అది అక్షాంశ రేఖను పట్టుకుని పోదు. రెండు చుక్కల మధ్య అతి పొట్టి దారిని తనే వెతుక్కుంటుంది. ఆ దారిని రెండువైపులా పొడిగిస్తే భూమిని సరిగ్గా రెండు సగాలుగా కోసే వలయం అవుతుంది. దానికి మహావృత్తం అని పేరు, విమానాల వాళ్లు గ్రేట్ సర్కిల్ అంటారు. మన గుండీ వెడల్పు దూరానికి మహావృత్తం, అక్షాంశ రేఖ కిలోమీటరు కూడా ఎడం కావు. అదే హైదరాబాద్ నుంచి షికాగోకు దారం లాగితే అది పడమటికి పోకుండా ఉత్తరానికి ఎగబాకి, ధ్రువానికి దగ్గరగా పోయి అవతలివైపు దిగుతుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు విమానంలో ముందు సీటు వెనక తెర మీద మంచు దేశాలు చూసి ఆశ్చర్యపోయేది ఇందుకే.

దారం వంగి పడుకుంది కదా, భూమిలోంచి తిన్నగా సొరంగం తవ్వితే ఇంకా దగ్గరవదా అని అనిపించవచ్చు. శంషాబాద్ నుంచి మధురపూడికి అలాంటి సొరంగం తవ్వితే, నడిమధ్యలో అది నేలకు రెండున్నర కిలోమీటర్ల లోతున పోతుంది. అంత తవ్వినా కలిసొచ్చేది యాభై మీటర్ల లోపే. ఇంత చిన్న దూరంలో భూమి వంపు లోతుగా కనిపిస్తుంది కానీ, పొడవును పెద్దగా పెంచదు.

ఈ 361 కిలోమీటర్లను రోజూ దాటే యాత్రికుడు ఇంకొకడున్నాడు, సూర్యుడు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు. రెండు చోట్ల రేఖాంశాల తేడా 3.39 డిగ్రీలు. అంటే మధురపూడి రన్‌వే మీద ఎండ పడిన పదమూడున్నర నిమిషాలకు శంషాబాద్‌లో తెల్లవారుతుంది. రెండు ఊళ్ల పంచాంగాల్లో సూర్యోదయం వేళలు పక్కపక్కన పెట్టి చూడండి, ఈ దూరమే నిమిషాల రూపంలో కనిపిస్తుంది.

గొలుసుతో మొదలైన కొలత

గ్లోబు మీద దారం లాగడం తేలిక. కానీ ఆ గ్లోబు మీద చుక్కలు సరైన చోట పడాలంటే ఎవరో ఒకరు నేలను కొలిచి ఉండాలి. ఆ పనికి మన ప్రాంతంతో దగ్గరి బంధం ఉంది. నారపల్లి నుంచి సిటీలోకి వెళ్లే దారిలో, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉంది. నేలను కొలిచేవాళ్లు అక్కడ ఆ విద్య నేర్చుకుంటారు.

ఆ విద్య చరిత్ర పెద్దది. 1802లో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ పరిసరాల్లో వంద అడుగుల ఉక్కు గొలుసు పరిచి, సుమారు పన్నెండు కిలోమీటర్ల గీతను కొలిచాడు. ఆ ఒక్క గీతకు 57 రోజులు పట్టింది. ఆ గీత రెండు కొసల నుంచి దూరాన ఉన్న ఒక కొండ శిఖరాన్ని చూసి కోణాలు కొలిస్తే, గొలుసు పరచకుండానే ఆ కొండ దూరం తెలుస్తుంది. ఆ త్రిభుజం భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద మరొకటి. అలా దేశమంతా త్రిభుజాల వల అల్లారు. ఈ పద్ధతికి త్రిభుజాల అల్లిక అని పేరు పెట్టుకుందాం. ఇంగ్లీషులో ట్రయాంగ్యులేషన్. కోణాలు కొలిచే థియోడొలైట్ అనే సాధనం అర టన్ను బరువు ఉండేది. దాన్ని కొండల మీదికి మనుషులే మోశారు.

లాంబ్టన్ దగ్గర పనికి హైదరాబాదు వచ్చిన యువకుడి పేరు జార్జ్ ఎవరెస్ట్. హిమాలయ శిఖరానికి తర్వాత పెట్టిన పేరు ఈయనదే. 1819లో ఆయనకు అప్పగించిన పని కృష్ణా గోదావరుల మధ్య నేలను కొలవడం. వానాకాలం, దట్టమైన అడవి. ఆయనా, వెంట ఉన్నవాళ్లూ అడవి జ్వరం పాలయ్యారు. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. కోలుకోవడానికి ఎవరెస్ట్ దక్షిణాఫ్రికా కొసన ఉన్న కేప్‌కు ఓడలో వెళ్లాల్సి వచ్చింది.

పిన్నిగారి విమానం ఇరవై నిమిషాల్లో దాటే అడవులూ చెరువులూ కొండలూ ఆ రెండు నదుల మధ్య నేలవే. దాన్ని కొలవబోయి మంచాన పడినవాళ్లు, తిరిగి రానివాళ్లు ఉన్నారని తెలిశాక, కిటికీలోంచి కిందికి చూసే చూపు మారుతుందని నాకు గట్టి నమ్మకం.

ఇప్పుడు గొలుసు పనిని ఉపగ్రహాలు చేస్తున్నాయి. మన విమానాల కోసం ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి గగన్ అనే వ్యవస్థను నిర్మించాయి. ఉపగ్రహ సంకేతాల్లో వచ్చే చిన్న చిన్న పొరపాట్లను అది సరిదిద్దుతుంది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక విమానం గగన్ సాయంతో దిగింది. అది మన రాజమండ్రి దారిలో తిరిగే రకమే, ఏటీఆర్.

ఇంకొక మాట. పైలట్లు దూరాన్ని కిలోమీటర్లలో చెప్పరు, నాటికల్ మైళ్లలో చెబుతారు. పేరు పరాయిదే కానీ లెక్క మన పంచాంగం చూసేవాళ్లకు తెలిసిందే. వలయంలో 360 భాగలు, ఒక్కో భాగకు 60 కళలు. భూమి చుట్టుకొలతలో ఒక కళ ఎంతో అదే ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు. శంషాబాద్ నుంచి మధురపూడి 195 కళలు. గ్రహస్ఫుటాలు లెక్కకట్టే కొలబద్దతోనే విమానమూ నడుస్తోంది.

గంటా పావును విప్పి చూద్దాం

ఇక కాలం సంగతి. టికెట్ మీద రాసే సమయం రెక్కలు గాల్లోకి లేచినప్పుడు మొదలవదు. నిలిపి ఉంచిన విమానం కదలకుండా చక్రాల ముందూ వెనకా దిమ్మలు పెడతారు. ఆ దిమ్మలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, గమ్యంలో మళ్లీ ఆగి దిమ్మలు పెట్టే క్షణం దాకా ఉన్నదే టికెట్ మీది సమయం. దిమ్మ నుంచి దిమ్మకు అన్నమాట. ఇంగ్లీషు పేరు బ్లాక్ టైమ్.

కదిలిన విమానం ముందు నేల మీద నడవాలి. శంషాబాద్ పెద్ద రన్‌వే పొడవే 4260 మీటర్లు. టెర్మినల్ నుంచి రన్‌వే మొదటికి పోయి, తన వంతు కోసం ఆగాలి. రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానం వీలైనంతవరకూ గాలికి ఎదురుగానే లేస్తుంది, పక్షిలాగే. నైరుతి గాలి బలంగా వీచే రోజుల్లో తూర్పున ఉన్న రాజమండ్రికి పోవాల్సిన విమానం కూడా పడమటికి లేచి, వెనక్కి తిరిగి, అప్పుడు దారి పడుతుంది. గేటు వదిలిన దగ్గర్నుంచి చక్రాలు లేచేదాకా పది పన్నెండు నిమిషాలు మామూలు.

లేచాక కూడా గంటకు 500 కిలోమీటర్లు వెంటనే రావు. ఏటీఆర్ రెక్కలకు ఫ్యాన్లున్న విమానం. డెబ్బై మందికి పైగా పడతారు. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తుకు ఎక్కడానికి దానికి పావుగంట కావాలి. నిండుగా జనాన్ని ఎక్కించుకున్న ఆటో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఎలా మెల్లగా పోతుందో ఇదీ అంతే, ఎక్కుతూ పరిగెత్తడం కష్టం. ఆ పావుగంటలో సుమారు 90 కిలోమీటర్లు గడుస్తాయి.

దిగడం కూడా ముందే మొదలవుతుంది. పైలట్లకు నోటిలెక్క ఒకటుంది. వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు. పద్దెనిమిది వేల అడుగులకు యాభై నాలుగు మైళ్లు, అంటే వంద కిలోమీటర్లు. ఊరు ఇంకా వంద కిలోమీటర్ల దూరంలో ఉండగానే ముక్కు వంచి వేగం తగ్గించుకుంటూ రావాలి. పైగా ఇక్కడ దిగాల్సిన లోతు ఎక్కినదానికన్నా ఎక్కువ. శంషాబాద్ సముద్ర మట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంటే మధురపూడి 46 మీటర్ల ఎత్తున ఉంది. దక్కన్ పీఠభూమి మీంచి గోదావరి తీరానికి దిగుతున్నామన్న సంగతి ఈ రెండు అంకెల్లో ఉంది. దిగడానికి ఇంకో పావుగంట, రన్‌వేకు ఎదురుగా వరుసలోకి రావడానికి మరికొన్ని నిమిషాలు.

ఇప్పుడు తీసివేత చేద్దాం. 361లోంచి ఎక్కిన 90, దిగిన 100 తీసేస్తే మిగిలేది సుమారు 170 కిలోమీటర్లు. గంటకు 510 కిలోమీటర్ల వేగం నిజంగా పనికొచ్చేది ఈ ముక్క మీదే. దానికి పట్టేది ఇరవై నిమిషాలు. గంటా పావు ప్రయాణంలో విమానం తన పూర్తి వేగంతో పోయేది ఆ ఇరవై నిమిషాలే.

అన్నీ కలిపితే గంట దాటి పది నిమిషాల దాకా వస్తుంది. దాని మీద విమాన సంస్థ కొన్ని నిమిషాలు కలుపుకుంటుంది. రద్దీ ఉండొచ్చు, మబ్బు పట్టొచ్చు, ముందు విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయకపోవచ్చు. జాకెట్టు గుడ్డ కత్తిరించేటప్పుడు పిన్నిగారు కుట్టు లోపలికి అరంగుళం వదులుతారు కదా, ఇదీ అలాంటి వదులే. పోయిందనుకున్న అరగంట ఎక్కడికీ పోలేదు. నేల మీద నడకలో, ఎక్కడంలో, దిగడంలో, ఆ వదులులో ఉంది.

గాలి అనే గోదారి

వెళ్లేటప్పటి సమయం, వచ్చేటప్పటి సమయం ఒకటిగా ఉండకపోవడానికి ఇంకో కారణముంది. పాపికొండలకు లాంచీలో వెళ్లినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఇంజను అదే, లాంచీ అదే. అయినా ఎదురీదుతూ పైకి పోయేటప్పుడు గట్టు మెల్లగా కదులుతుంది, వాలుకు వచ్చేటప్పుడు గట్టు పరుగెత్తుతుంది.

విమానానికి గాలే నది. తన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానం ఎంత వేగంగా పోతుందో అది గాల్లో వేగం. కింద నేలతో పోలిస్తే ఎంత పోతుందో అది నేల వేగం. వెనక నుంచి గంటకు 50 కిలోమీటర్ల గాలి తోస్తే 510 కాస్తా 560 అవుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురైతే 460కి పడిపోతుంది. పోయినప్పుడు కలిసొచ్చింది, వచ్చినప్పుడు పోయింది, చెల్లుకు చెల్లు అనుకుంటాం. కాదు. మొత్తం దారికి లెక్క వేస్తే గాలి లేని రోజు కన్నా రానూపోనూ కలిపి సుమారు ఒక నిమిషం ఎక్కువే అవుతుంది. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి, నష్టం కూడా ఎక్కువసేపు పోగవుతుంది.

ఈ గాలి నదుల్లో పెద్దది ఒకటి వానాకాలంలో మన నెత్తి మీదుగా పారుతుంది. కింద నైరుతి నుంచి ఋతుపవనం వీస్తుంటే, పద్నాలుగు పదహారు కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమటికి బలమైన గాలి ప్రవాహం సాగుతుంది. 1950లలో దీన్ని పట్టుకుని లోకానికి చూపించిన శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. ఆ ప్రవాహం మన ఏటీఆర్‌కు చాలా పైన ఉంటుంది. పదీ పన్నెండు కిలోమీటర్ల ఎత్తున ఎగిరే జెట్ విమానాలకు దాని అంచులు తగులుతాయి. ఒకే ఆకాశంలో కింద ఒక నది ఒకవైపు, పైన ఇంకో నది ఎదురువైపు పారుతున్నాయన్నమాట.

మెషినుకు మోటారు పెట్టినంత మాత్రాన

జెట్ విమానం అయితే ఇంకా త్వరగా పోదా? గంటకు 830 కిలోమీటర్ల వేగం దానిది. కానీ మన దారిలో ఆ వేగానికి చోటేది? ఎక్కడం, దిగడం, నేల మీద నడక దానికీ తప్పవు. ఏటీఆర్ కన్నా మహా అయితే పది నిమిషాలు కలిసొస్తుంది. వెనక్కి పోయి చూసినా ఇదే సంగతి. నిజాం కాలంలో బేగంపేట నుంచి దక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటా విమానాల వేగం గంటకు సుమారు 300 కిలోమీటర్లు. ఈ దారిలో డకోటా ఎగిరి ఉంటే ఇప్పటికన్నా అరగంట ఎక్కువ పట్టేది, అంతే.

ఇది చెబుతుంటే పిన్నిగారు చప్పున అందుకున్నారు. "కాలితో తొక్కే మెషినుకి ఆరేళ్ల కిందట మోటారు పెట్టించానండీ. రోజుకి మూడు జాకెట్లు కుట్టేదాన్ని, ఆరు అవుతాయనుకున్నా. నాలుగే అయ్యాయి. మెషిను మీద కుట్టేది కాసేపే బాబూ. కొలతలు, కత్తిరింపు, హెమ్మింగు, హుక్కులు, కాజాలు, వీటికి మోటారు ఏం చేస్తది?"

ఇంతకన్నా బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. దగ్గరి ప్రయాణాల్లో విమానం ఆ మోటారు లాంటిది. దూరం పెరిగేకొద్దీ మెషిను మీద కుట్టే భాగం పెరుగుతుంది, మోటారు విలువ తెలుస్తుంది. ఢిల్లీకి పోయేటప్పుడు గాల్లో వేగం లాభమే. 361 కిలోమీటర్లకు మాత్రం హెమ్మింగూ కాజాలే ఎక్కువ.

ఇంటి నుంచి రాజమండ్రి చేరేదాకా ఎంత పడుతుందో ఆ లెక్కా వేశాం. నారపల్లి నుంచి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, పెద్ద అంబర్‌పేట, బొంగ్లూరు, తుక్కుగూడ మీదుగా శంషాబాద్‌కు యాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. గంటా పావు. రాజమండ్రి మనకు తూర్పున ఉంటే, మనం విమానం కోసం ముందు నైరుతికి పోవాలి. విమానాశ్రయంలో రెండు గంటల ముందు ఉండమంటారు. గాల్లోనూ నేల మీదా విమానంలో గంటా పావు. సామాను అందడానికి ఇరవై నిమిషాలు, మధురపూడి నుంచి ఊళ్లోకి నలభై. మొత్తం ఐదున్నర గంటలు. ఇందులో విమానం పూర్తి వేగంతో పోయేది ఇరవై నిమిషాలు. 2023 జనవరిలో మొదలైన వందే భారత్ రైలు సికింద్రాబాద్ నుంచి రాజమండ్రికి దాదాపు ఆరు గంటల్లో తీసుకుపోతుంది. ఇక్కణ్ణించి స్టేషన్‌కు పట్టే గంట కలిపితే ఏడు.

ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలయ్యాయి. ఆ తవ్విన రోడ్డు మీద, సాయంత్రం రద్దీలో, ఈ ఆరు కిలోమీటర్లకు నేను అరగంట కూర్చున్న రోజులు లెక్కలేనన్ని. అదే అరగంటలో ఏటీఆర్ పూర్తి వేగంతో 250 కిలోమీటర్లు పోతుంది. రాష్ట్రంలో ఇంకో విమానాశ్రయం, ఇంకా వేగమైన విమానం అని మనం కలలు కంటాం. కనాలి కూడా. కానీ దగ్గరి ఊళ్ల ప్రయాణం త్వరగా ముగియాలంటే విమానాన్ని తొందరపెట్టి లాభం లేదు. విమానాశ్రయానికి పోయే దారి బాగుపడాలి, అక్కడి వరుసలు తగ్గాలి, దిగిన చోట బస్సు సిద్ధంగా ఉండాలి. ఇంటి గుమ్మం నుంచి అవతలి గుమ్మం దాకా ఉన్నదే అసలు దూరమని నేను నమ్ముతాను. పటం మీది గుండీ వెడల్పు అందులో ఒక ముక్క.

పిన్నిగారు వెళ్లిన మర్నాడు ఫోన్ చేశారు. చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నారట. దిమ్మ నుంచి దిమ్మకు గంటా పదకొండు నిమిషాలు. చక్రాలు లేచి మళ్లీ నేల తాకేదాకా యాభై రెండు. అంకెలు చదివి, "మీరు చెప్పిన ఆ ఇరవై నిమిషాలూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నానండీ" అన్నారు. "చెరువులు, పొలాలు, నల్లటి కొండలు. ఆ కొలిచినోళ్లు గుర్తొచ్చారు. ఇంతలోకే గోదారి వచ్చేసింది."